మూలబంధం చేస్తే నొప్పి, మలబద్ధకం: మూలాధార సాధన ఎక్కడ తప్పుతోంది

మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను, చదివేవాళ్లకు తెలియాలి కదా. వయసు 34, గచ్చిబౌలిలో ఐటీ ఉద్యోగం, రోజుకు 9-10 గంటలు కుర్చీలోనే. రెండు నెలలుగా వీడియోలు చూసి, పొద్దున 20 నిమిషాలు మూలబంధం (మలద్వారానికి ముందున్న చోటును పైకి లాగిపట్టే యోగ క్రియ) బిగించి కూర్చుని, ఎర్రటి చక్రం గిర్రున తిరుగుతున్నట్టు ఊహిస్తూ 'లం' అనే బీజాక్షరం అనుకుంటున్నారు. మొదటి వారం కింద వెచ్చగా అనిపించింది. ఇప్పుడు మలబద్ధకం, తొడల మధ్య లాగుతున్న నొప్పి, మూత్రానికి వెళ్తే మొదలవ్వడానికే కాసేపు పడుతోంది. ఉద్యోగం ఊడుతుందేమోనన్న భయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. 'మీ మూలాధారం (వెన్ను అడుగున ఉందని యోగం చెప్పే మొదటి చక్రం) బ్లాక్ అయింది, 21 రోజుల కోర్సుతో తెరుచుకుంటుంది' అని ఒకరు చెప్పారు. చేరాలా వద్దా?

చేరకండి. ఇప్పుడు చేస్తున్న బంధం కూడా ఆపేయండి. మీరు చెప్పిన మూడు బాధలకూ చాలావరకు మూలం ఒక్కటే: బిగించడం వచ్చింది, వదలడం రాలేదు. సాధన మొత్తం మానక్కర్లేదు గానీ వరస మార్చాలి. ముందు వదలడం, తర్వాత కూర్చోవడం, ఆ తర్వాత బంధం, చివరికి బీజం. వీడియోల్లో ఇది తలకిందులుగా ఉంటుంది.

అసలా చోటు ఎక్కడో సరిగ్గా పట్టుకుందాం. సోఫా మీద కాకుండా చెక్క పీట మీద కూర్చోండి. పిరుదుల కింద చెరోవైపు గట్టిగా పీటకు తగిలే ఎముకలు రెండు. వెనక ముడ్డిపూస కొస. ముందు, పొత్తికడుపు దిగువన చేతికి తగిలే ఎముక. ఈ నాలుగింటినీ గీతలతో కలిపితే గాలిపటం ఆకారం వస్తుంది. ఆ గాలిపటానికి అంటించిన కాగితంలాగా, ఎముకల మధ్య ఉయ్యాలలా వేలాడే కండరాల పొర ఒకటి ఉంటుంది. దాన్నే డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు. పొత్తికడుపులోని అవయవాల బరువు మోసేది అదే. మలద్వారానికీ జననాంగానికీ నడుమనున్న చిన్న జాగా సీవని. అక్కడి చర్మం నుంచి కొంచెం లోపలికి వెళ్తే ఈ కండరాల్లో చాలావాటి కొసలు వచ్చి కలిసే ముడి ఉంటుంది. గుదానికి పైన, మేఢ్రానికి (జననాంగానికి) కింద అని గ్రంథాలు మూలాధారానికి చెప్పిన చోటు ఇదే. ఆడవాళ్లకు నేర్పేటప్పుడు ఇంకాస్త లోపలికి, గర్భాశయ ముఖద్వారం దగ్గర అని చెప్తారు. చక్రం ఎక్స్‌రేలో కనపడే వస్తువు కాదు, ధ్యానానికి పెట్టుకున్న స్థానం. బంధం మాత్రం అచ్చంగా కండరంతో చేసే పని. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే కండరం నొప్పి పుట్టినా చక్రం కదిలిందనుకుని ఇంకా బిగిస్తారు.

కింద బిగింపులు మూడు రకాలు. మలం ఆపుకున్నట్టు వెనక ద్వారాన్ని ముడిచి వదిలితే అది అశ్వినీ ముద్ర. మూత్రం ఆపుకున్నట్టు ముందువైపు లాగితే వజ్రోలి, ఆడవాళ్లకైతే సహజోలి. ఈ రెంటికీ మధ్యనున్న ముడి ఒక్కటే పైకి లేస్తే మూలబంధం. మొదట్లో ఎవరికైనా మూడూ కలిసే కదులుతాయి. అందులో తప్పేమీ లేదు, వారాల మీద విడిపోతాయి. మీ వర్ణన చూస్తే మాత్రం మీది మూలబంధం కాదు. పిరుదులు, లోతొడలు కలిపి వేసిన పట్టు అది. తొడల మధ్య నొప్పి అందుకే.

దీన్ని తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. చేతులు తుడుచుకునే నాప్‌కిన్‌ను పొడుగ్గా, రెండంగుళాల లావున చుట్టండి. కుర్చీ మీద ముందు నుంచి వెనక్కి నిలువుగా పెట్టి, సీవని దాని మీద ఆనేట్టు కూర్చోండి. అరచేతులు పిరుదుల కింద పెట్టుకోండి. ఊపిరి వదులుతూ, నాప్‌కిన్‌ను తాకుతున్న చర్మాన్ని దాని నుంచి వెంట్రుకవాసి పైకి లేపాలని చూడండి. సరిగ్గా జరిగితే చర్మం నాప్‌కిన్ నుంచి తేలినట్టుంటుంది, అరచేతుల కింద ఏ కదలికా ఉండదు, బయటివాళ్లు చూసినా మీరేం చేస్తున్నారో తెలియదు. పిరుదులు గట్టిపడి మనిషి మొత్తం అర అంగుళం లేచాడంటే అది తప్పు. నాప్‌కిన్ మీద ఒత్తిడి ఇంకా పెరిగిందంటే మరీ తప్పు. మీరు పైకి లాగడం మాని, ముక్కుతున్నట్టు కిందికి తోస్తున్నారన్నమాట. ఆ అలవాటు మొలలకూ హెర్నియాకూ దారి తీయగలదు. రెండో సంగతి, వదిలినప్పుడు చర్మం మళ్లీ నాప్‌కిన్ మీదికి మెల్లగా వాలడం తెలియాలి. లేచింది తెలిసి, వాలింది తెలియకపోతే వాలనే లేదని అర్థం. ఈ పరీక్ష ఇప్పుడు ఒక్కసారి చేసి, బిగింపుల జోలికి పోకుండా మూడు వారాలు ఆగండి.

మలబద్ధకం ఎందుకొచ్చిందంటే, ఈ పొరలో ఒక కండరం ముందు ఎముక నుంచి బయల్దేరి పురీషనాళం వెనక నుంచి చుట్టుకుని మళ్లీ ముందుకే వస్తుంది. ఒడిసెలకు రాయి పెట్టినట్టు అనుకోండి. అది బిగిసి ఉన్నంతసేపు నాళం ముందుకు లాగబడి మడత పడుతుంది, మలం ఆగుతుంది. విసర్జనకు కూర్చున్నప్పుడు అది సడలి మడత తిన్నగా అవ్వాలి. రోజూ 20 నిమిషాలు ఏకబిగిన బిగించి, వదలడం నేర్పకుండా లేచిపోతే, ఆ కండరం బిగువునే తన మామూలు స్థితిగా పెట్టుకుంటుంది. అప్పుడు మీరు టాయిలెట్‌లో ముక్కుతున్నది మూసిన తలుపు మీద. మూత్రం ఆలస్యమవ్వడం కూడా ఈ బాపతే. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో మూలబంధం వల్ల మలమూత్రాలు తగ్గుతాయని ఒక మాట ఉంది. మీలాంటి బాధ పడేవాళ్లకు ఆ మాట చూపించి 'సాధన ఫలిస్తోంది' అనే శిక్షకులూ ఉన్నారు. అపాన ప్రాణాలు, అంటే కిందికీ పైకీ పోయే వాయువులు, ఏకమైన యోగికి చెప్పిన లక్షణం అది, కడుపు ఉబ్బరంతో ఆఫీసుకు వెళ్లేవాడికి కాదు. ఇంకో విషయం, ఆ గ్రంథంలో ఆసనాలు మొదటి అధ్యాయంలో, ప్రాణాయామం రెండో దాంట్లో, బంధాల విధానం మూడో దాంట్లో ఉన్నాయి. ఆ వరస ఊరికే పెట్టింది కాదు.

ఆధునిక వైద్యంలో ఇదే కండరాల వ్యాయామానికి కెగెల్ అని పేరు. అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో, ప్రసవం తర్వాత మూత్రం నిలవని స్త్రీల కోసం దాన్ని ప్రచురించాడు. ఫిజియోథెరపీలో దాని మోతాదు సాధారణంగా పూటకు 8 నుంచి 10 బిగింపులు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. ఒక్కో బిగింపు ఎంత నేర్పున్నా 10 సెకన్లు దాటదు, దాని వెనక అంతే విరామం. 20 నిమిషాల పట్టు ఎవరూ రాయరు. కండరం బలహీనంగా ఉన్నవాళ్లకే ఆ మందు, ముందే బిగిసి ఉన్నవాళ్లకు అది ఇవ్వరు. రోజంతా కుర్చీలో కూర్చుని, ఒత్తిడికి దవడా పొట్టా బిగబట్టుకునేవాళ్లు ఎక్కువగా ఈ రెండో రకమే.

ఇక మొదటి రెండు వారాలు చేయాల్సింది. పొద్దున 12 నిమిషాలు చాలు.

నేల మీద వెల్లకిలా పడుకుని పిక్కలు రెండూ సోఫా మీదో కుర్చీ మీదో పెట్టండి. తుంటి దగ్గరా మోకాలి దగ్గరా దాదాపు లంబకోణం రావాలి. ఒక చెయ్యి పొట్ట మీద. నాలుగు అంకెలు పీల్చి ఆరు అంకెలు వదలండి, ముక్కుతోనే. పీల్చినప్పుడు పొట్ట పైన విభాజక పటలం (ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండరం) కిందికి దిగుతుంది, దానితోపాటు కింది పొర కూడా కొంచెం దిగి విచ్చుకుంటుంది. వదిలినప్పుడు రెండూ పైకి వస్తాయి. మీరు చేయాల్సిందల్లా పీల్చేటప్పుడు కూర్చునే ఎముకలు రెండూ ఒకదానికొకటి దూరం జరుగుతున్నట్టు గమనించడం. తోయకండి. మొదటి మూడు నాలుగు రోజులు ఏమీ తెలియదు, తెలియకపోయినా చేయండి. ఐదు నిమిషాలు.

తర్వాత మాలాసనం, అంటే మన గొంతుకూర్చోవడమే. ఊళ్లలో పెరిగినవాళ్లకు దీన్ని నేర్పనక్కర్లేదు. అపార్ట్‌మెంట్లలో కమోడ్లు వచ్చాక నగరంలో చాలామందికి మడమలు నేలకు ఆనడం లేదు. మడమల కింద దుప్పటి మడత రెండు మూడు అంగుళాల ఎత్తున పెట్టుకుని, పాదాలు భుజాల కంటే కొంచెం ఎడంగా, వేళ్లు బయటికి తిప్పి, కిటికీ గ్రిల్ పట్టుకుని దిగండి. ఐదు ఊపిర్లు, లేవండి, మళ్లీ దిగండి, మూడుసార్లు. మోకాలి చిప్ప కింద పొడిచినట్టుంటే అంతదాకా దిగొద్దు, పిరుదుల కింద రెండు మందపాటి దిండ్లు పెట్టి కూర్చోండి. చివర్లో మోకాళ్లు దూరంగా పెట్టి బాలాసనం, నుదురు నేలకో దిండుకో ఆనించి రెండు నిమిషాలు. ఈ భంగిమలో ఊపిరి పీల్చినప్పటి కదలిక వీపు కింది భాగంలోనూ కటి వెనకా తెలుస్తుంది.

టాయిలెట్‌లో పాదాల కింద 7-9 అంగుళాల పీట పెట్టుకోండి, మోకాళ్లు తుంటి కంటే పైకి రావాలి. ముక్కకుండా, నోటితో 'హా' అని ఊపిరి వదులుతూ కూర్చోండి. రాత్రి పదకొండింటికి బిర్యానీ, పొద్దున ఖాళీ కడుపున రెండు కప్పుల చాయ్, మధ్యాహ్నందాకా నీళ్ల ఊసు లేకపోతే ఏ ఆసనమూ అక్కరకు రాదు. రాత్రికి జొన్న రొట్టె, ఆకుకూర పెట్టుకుని చూడండి, వారంలో తేడా తెలుస్తుంది.

మూడో వారం నుంచి కూర్చోవడం. నేల టైల్స్ చల్లగా ఉంటాయి, ముందు జంపఖానా పరవండి. దాని మీద దుప్పట్లు గట్టిగా మడిచి 4 నుంచి 6 అంగుళాల ఎత్తు చేసుకోండి. పిరుదులు మాత్రమే దాని అంచు మీద ఉండాలి, తొడలు కాదు. కాళ్లు మడిచాక మోకాళ్లు తుంటి కంటే పైన ఉన్నాయంటే ఎత్తు చాలలేదని లెక్క. ఎత్తు తక్కువైతే కటి వెనక్కి దొర్లి బరువు ముడ్డిపూస మీద పడుతుంది, నడుము గూనిగా వంగుతుంది, కింది పొర ఆ భంగిమ నిలబెట్టడానికే బిగుసుకుపోతుంది. అలా బిగిసిన దాని మీద మళ్లీ బంధం వేస్తున్నారు. ఆఫీసు కుర్చీలోనూ ఇదే జరుగుతోంది, 45 నిమిషాలకోసారి లేచి నిలబడండి.

సిద్ధాసనంలో మడమను సీవనికి ఆనించమంటారు. ఆనించడం వేరు, మడమ మీద కూర్చోవడం వేరు. బరువంతా కూర్చునే ఎముకల మీద, మడమ అక్కడొక గుర్తులా తాకుతూ ఉండాలి. ఆ దారిలోనే జననాంగాలకు స్పర్శనిచ్చే నరం వెళ్తుంది. కాలు తిమ్మిరెక్కితే కాసేపు చాపుకుంటే పోతుంది, జననాంగం దగ్గర తిమ్మిరి మాత్రం వెంటనే లేవాల్సిన సూచన. 'ఓర్చుకో' అనే గురువు మాట ఇక్కడ వినకండి. సుఖాసనంలోనూ సాధన అంతే బాగా సాగుతుంది.

నాలుగో వారానికి టాయిలెట్ ఇబ్బందీ నొప్పీ తగ్గి ఉంటేనే బంధం. కడుపు ఖాళీగా, తిని కనీసం మూడు గంటలు అయ్యాక, మలమూత్రాలకు వెళ్లొచ్చాక. ఊపిరి వదలడం మొదలుపెట్టి, దానితోపాటే ఆ మధ్య ముడిని పైకి తేల్చండి. మీ పూర్తి బలంలో పావు వంతు చాలు, మూతి ముడవకుండా చిన్న స్ట్రాతో మజ్జిగ పీల్చినంత. మూడు సెకన్లు ఉంచి, పీల్చుకుంటూ వదిలి, ఆరు సెకన్లు ఊరుకోండి. ఇలా ఐదుసార్లు. వారానికో సెకను చొప్పున పెంచండి, విరామం ఎప్పుడూ బిగింపు కంటే తక్కువ కాకూడదు. పది సెకన్లు, పదిసార్లు, రోజుకు రెండు పూటలు దాటి పోవాల్సిన అవసరం గృహస్థుడికి లేదని నా అభిప్రాయం. మూడోదో నాలుగోదో చేసేటప్పుడు 'వదిలిన' భావం రాకపోతే, కండరం అలిసి మధ్యలోనే జారిపోయిందని అర్థం. అక్కడితో ఆ పూటకు ఆపండి. లెక్క పూర్తి చేయాలన్న పంతంతోనే పిరుదులు రంగంలోకి దిగుతాయి.

దవడ చూసుకోండి. పళ్లు కరుచుకుని కింద మాత్రం మెత్తగా ఉంచడం దాదాపు ఎవరికీ చేతకాదు. పెదవులు కలిపి పళ్లు విడిగా ఉంచితే కింది పనిలో సగం సులువవుతుంది. బొటనవేళ్లు ముడుచుకోవడం, భృకుటి ముడి పడటం, ఊపిరి ఆగడం, పొట్ట ముందుకు పొంగడం, ఇవన్నీ బలం ఎక్కువ పెడుతున్నారనడానికి గుర్తులు. మూత్రం మధ్యలో ఆపి అభ్యాసం చేయమని చెప్పే సలహా పాటించకండి. కండరం ఏదో గుర్తుపట్టడానికి ఒకసారి చూస్తే చూశారు, రోజూ చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవ్వక ఇన్ఫెక్షన్లు రావచ్చు.

కుంభకంతో, అంటే ఊపిరి బిగబట్టడంతో, కలిపి మూలబంధం చేయడం గురించి ఇక్కడ రాయను. అది ఎదురుగా కూర్చుని నేర్పే మనిషి ఉన్నప్పుడు, మూడు నాలుగు నెలల తర్వాత సంగతి. రక్తపోటు, గుండె జబ్బు, గ్లాకోమా, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్యే పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లు ఊపిరి బిగబట్టనే కూడదు. గర్భిణులు బంధాలు, కుంభకాలు వదిలేసి డాక్టరు చెప్పిన వ్యాయామమే చేసుకోవాలి. నెలసరి రోజుల్లో బంధం వద్దని సంప్రదాయం, ఆ నాలుగు రోజులు పడుకుని చేసే శ్వాస సరిపోతుంది.

ఇప్పుడు ఆ 'ఎర్ర చక్రం' మాట. పోస్టర్లలో కింద ఎరుపుతో మొదలై పైన ఊదాతో ముగిసే ఇంద్రధనుస్సు వరస చూసి అదే శాస్త్రమనుకుంటున్నారు. అది 20వ శతాబ్దపు పాశ్చాత్య కూర్పు, 1970లలో బాగా వ్యాపించింది. ఇప్పుడు లోకమంతా వాడే చక్ర వర్ణనకు ఆధారం 1577లో పూర్ణానందుడు రాసిన షట్చక్ర నిరూపణం. 1919లో జాన్ వుడ్రఫ్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాక ప్రపంచానికి పాకింది. అందులో బొడ్డు దగ్గరి మణిపూర చక్రం దళాలు కారుమబ్బు రంగువి, పసుపు కాదు. గుండె దగ్గరి అనాహతం మంకెనపువ్వు రంగు, ఆకుపచ్చ కాదు. మూలాధారానికి వస్తే, ఎర్రటి దళాలు నాలుగు, వాటి మీద బంగారు రంగులో వ, శ, ష, స అనే అక్షరాలు. లోపల పసుపుపచ్చని చతురస్రం, దాని చుట్టూ ఎనిమిది శూలాలు, అదే భూతత్త్వానికి గుర్తైన భూమండలం. నడుమ 'లం' బీజం, ఐరావతం, బీజం ఒడిలో బాలరూపంలో బ్రహ్మ. ఇంకా లోపల త్రికోణంలో స్వయంభూ లింగం, దాన్ని మూడున్నర చుట్లు చుట్టుకుని పాములా నిద్రపోతున్న శక్తి, కుండలిని. గిర్రున తిరగడం అన్న మాట ఇందులో లేదు. పద్మం అన్నారు, ఫ్యాను అనలేదు.

గ్రంథానికీ గ్రంథానికీ తేడాలుంటాయని మన ఇళ్లలో రోజూ చదివే లలితా సహస్రనామమే చూపిస్తుంది. 99వ నామం 'మూలాధారైకనిలయా'. ఇంకా ముందుకెళ్తే మూలాధార పద్మంలో అయిదు ముఖాలతో, అస్థి ధాతువులో (ఎముకల్లో) ఉండే అమ్మవారి పేరు సాకిని. షట్చక్ర నిరూపణంలో అదే చోట ఉన్నది డాకిని. రెండూ ప్రామాణికమే, సంప్రదాయాలు వేరు. ఆ సాకినీ అమ్మకు ఇష్టమైనది ముద్గౌదనం, అంటే మన పెసరపప్పు పులగం. వీధి వీధికీ వినాయక మండపం వెలిసే హైదరాబాదులో గణపత్యథర్వశీర్షం చెవిన పడనివాళ్లు తక్కువ, 'నువ్వు నిత్యం మూలాధారంలో ఉంటావు' అని గణపతిని అంటుంది అది. కాబట్టి దళాల లెక్కో దేవత పేరో ఎక్కడో వేరుగా కనిపిస్తే కంగారు పడకండి. మీకు ఏ పరంపరలో ఉపదేశం ఉంటే అది పట్టుకోండి. ఉపదేశం లేకపోతే పసుపు చతురస్రం, 'లం' రెండూ చాలు, మిగతా బొమ్మంతా మొదట్లో మనసుకు బరువు.

'లం' అనడంలోనూ ఒక పొరపాటు జరుగుతుంది. 'లామ్' అని దీర్ఘం తీస్తారు. ల హ్రస్వం. నాలుక కొన పైపళ్ల వెనక తాకి వదిలి, వెంటనే పెదవులు మూసి మకారాన్ని సాగదీయాలి. మీ గొంతుకు హాయిగా పలికే కింది స్థాయిలో, ఒక్కొక్కటి ఐదారు సెకన్లు. 21 సార్లు పైకి, 21 సార్లు పెదవులు మాత్రమే కదిలేట్టు, 21 సార్లు మనసులో, తర్వాత మూడు నిమిషాలు ఊరికే ఉండటం. మొత్తం పది నిమిషాలు. పైకి అనేటప్పుడు ప్రకంపన ముఖంలో, ఛాతీలో తెలుస్తుంది, కింద తెలియదు. తెలిసినట్టు ఊహించుకోకండి. దృష్టి మాత్రం నాప్‌కిన్ తగిలిన చోట ఉండనివ్వండి. జపంతో బంధం కలపొద్దు, ఆ పది నిమిషాలూ కింద వదులుగానే ఉండాలి. ఘేరండ సంహిత అనే హఠయోగ గ్రంథం పృథ్వీ ధారణను (భూతత్త్వం మీద మనసు నిలిపే ధ్యానాన్ని) అయిదు ఘడియలు, అంటే రెండు గంటలు నిలపమంటుంది. అది చదివి ఒకేసారి గంటకు ఎగబాకినవాళ్లు మోకాళ్లు పట్టుకుని ఆగిపోతుంటారు.

వెచ్చదనం గురించి అడిగారు. కండరాన్ని పని చేయిస్తే అక్కడికి రక్తం ఎక్కువ చేరి వెచ్చబడుతుంది, తొడకైనా చేతికైనా అంతే. టిక్కుటిక్కున కొట్టుకోవడం, సన్నగా అదరడం అలసిన కండరం లక్షణం. వీటిని కుండలిని లేచిందని రాసుకోవద్దు, భయపడనూ వద్దు. సాధన తర్వాత నిద్ర పట్టక, గుండె దడగా, చిరాకుగా ఉంటే మాత్రం జపం, బంధం రెండూ వారం ఆపి, సంజీవయ్య పార్కులోనో మీకు దగ్గరి ఇంకో పార్కులోనో అరగంట నడక, ఇంట్లో తాడాసనం, వీరభద్రాసనం, వేళకు పెరుగన్నం. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు.

భయం, డబ్బు, ఉద్యోగం. మూలాధారమంటే 'భద్రత, సంపాదన' అని ఇప్పుడు అందరూ అంటున్నారు గానీ, షట్చక్ర నిరూపణం ఈ పద్మాన్ని ధ్యానించినవాడికి చెప్పిన ఫలం వాక్కు మీద అధికారం, సర్వ విద్యల్లో వినోదం, ఆరోగ్యం, గొప్ప ఆనందం. ఈఎంఐ ప్రస్తావన లేదు. చక్రాలను మనస్తత్వంతో ముడిపెట్టి చదవడం 1932లో జ్యూరిక్‌లో స్విస్ మానసిక వైద్యుడు యూంగ్ ఇచ్చిన కుండలినీ ఉపన్యాసాల కాలం నుంచి బలపడిన ధోరణి. అది పనికిరానిదనను, దానికి పాత గ్రంథం ముద్ర వేసి అమ్మడం మీదే నా అభ్యంతరం. నాలుగుకు ఆరు లెక్కన ఊపిరి వదిలితే ఆ పూటకు గుండె నెమ్మదిస్తుంది, నిద్ర మెరుగవుతుంది, ఆ మేరకు భయాన్ని చూసే చూపు మారుతుంది. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన పెట్టడం, రెజ్యూమె సరిచేసుకోవడం వేరే పనులు, వాటిని సాధన మీదికి తోయకండి.

చక్రం మూసుకుందా తెరుచుకుందా అని కొలిచే పరికరం ఏదీ లేదు. లోలకం ఊపి, ఫోటో తీసి, ఆన్‌లైన్‌లో పది ప్రశ్నలడిగి 'బ్లాక్' అని తేల్చేవాళ్లను ఒక్కటే అడగండి: మూలబంధంలో వదలడం ఎలా నేర్పుతారు? సమాధానంగా రంగురాయి, మోగించే గిన్నె, ప్యాకేజీ వస్తే లేచి వచ్చేయండి. 'ముందు మీ మోకాళ్లు, రక్తపోటు, మలవిసర్జన ఎలా ఉన్నాయి?' అని ఎదురు ప్రశ్న వేసేవారు దొరికితే వారి దగ్గర కూర్చోవచ్చు.

నాలుగు వారాల్లో నొప్పి తగ్గకపోతే పెద్ద ఆసుపత్రుల ఫిజియోథెరపీ విభాగంలో 'పెల్విక్ ఫ్లోర్ చూసేవాళ్లు ఉన్నారా' అని ఆ మాటతోనే అడగండి, మామూలు నడుము నొప్పి వ్యాయామాలు దీనికి సరిపోవు. మలంలో రక్తం కనిపించినా, మూత్రంలో మంటా జ్వరం ఉన్నా నాలుగు వారాలు ఆగకండి. కూర్చునే చోట స్పర్శ పోవడం, మూత్రం అసలు రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, కాళ్లలో బలం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు, అదే గంట ఎమర్జెన్సీకి వెళ్లండి. అది వెన్ను చివర నరాల కట్ట నొక్కుకుపోవడం కావచ్చు, సాధనతో సంబంధం లేకుండానే వస్తుంది, ఆలస్యమైతే నష్టం తిరిగి రాదు.

రెండు వారాలయ్యాక మళ్లీ రాయండి. మూడు విషయాలు చెప్తే చాలు: పీట పెట్టుకున్నాక ముక్కకుండా అవుతోందా, మాలాసనంలో మడమల కింద దుప్పటి ఇంకా ఎంత ఎత్తు కావాల్సి వస్తోంది, సోఫా మీద కాళ్లు పెట్టి పడుకున్నప్పుడు ఊపిరి పీల్చితే ఎముకలు విచ్చుకోవడం తెలుస్తోందా. మూడోదానికి 'లేదు' అన్నా ఫర్వాలేదు, అప్పుడు ఇంకో వారం అక్కడే ఉందాం.